సమానత్వానికి మార్కులేస్తే మారేది సంస్థలా, లోగోలా?

నీలిసిరా
మా ఆఫీసులో ఈమధ్య ఒక రగడ నడుస్తోంది, మీ అందరి అభిప్రాయం కావాలి. ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) ఉద్యోగుల్ని సంస్థలు ఎలా చూసుకుంటున్నాయో బయటివాళ్లు కొలిచి మార్కులేసే పద్ధతి ఒకటుంది కదా. అమెరికాలో హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ అనే సంస్థ 2002 నుంచి ఇలా కంపెనీలకు 100కి ఎన్నో చెబుతోంది, బ్రిటన్‌లో స్టోన్‌వాల్ ఇలాంటి ర్యాంకుల పట్టికే చాలా ఏళ్లు నడిపింది. అలాంటిదాంట్లో మేమూ చేరాలా వద్దా అన్నది గొడవ. పైవాళ్లలో సగం మంది "చేరదాం, మంచి పేరొస్తుంది" అంటున్నారు. ఆ మంచి పేరు అన్న మాట దగ్గరే నాకు ఆగిపోతోంది. పేరు కోసం చేసే పని పేరు రాగానే ఆగిపోదా? అలాగని ఎవరూ అడక్కుండా ఏ సంస్థయినా తనంతట తాను మారుతుందన్న నమ్మకమూ లేదు. ఏమంటారు?

గట్టిమేకు
నా మట్టుకు నాకు ఇది శుద్ధ దండగ. మొక్కుబడి వ్యవహారం. మార్కులేయడానికి కంపెనీలకు పంపే ప్రశ్నాపత్రం నింపేది ఎవరు? హెచ్ఆర్ వాళ్లే. తమ పేపర్ తామే దిద్దుకున్నట్టు. "వివక్ష వ్యతిరేక విధానం ఉందా?" ఉంది, టిక్కు. "శిక్షణ ఇచ్చారా?" ఒక మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి స్లయిడ్లు తిప్పారు, టిక్కు. ఎల్‌జీబీటీ వాళ్ల ప్రైడ్ నెల అని జూన్ రాగానే లోగోకి ఇంద్రధనుస్సు రంగులు పూస్తారు. అదే కంపెనీ వేరే దేశపు పేజీ తెరిచి చూడండి, అక్కడ లోగో మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ రంగులేస్తే వ్యాపారం పోతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. పని చేయించేది చట్టం ఒక్కటే. యూరోపియన్ యూనియన్ 2000లోనే ఉద్యోగాల్లో లైంగిక ధోరణి (ఎవరిపట్ల ఆకర్షణ అన్నది) ఆధారంగా వివక్ష కుదరదని ఆదేశం ఇచ్చింది, ఆ తర్వాత సభ్య దేశాలు చచ్చినట్టు చట్టాలు రాసుకున్నాయి. మార్కుల కోసం ఎవరూ బతిమాలలేదు.

జీతాలసెక్షన్
గట్టిమేకు గారూ, చట్టం వచ్చేదాకా ఆగితే ఎన్నేళ్లు ఆగాలో కూడా చెప్పండి మరి. ఐబీఎం తన వివక్ష వ్యతిరేక విధానంలో లైంగిక ధోరణిని చేర్చింది 1984లో. గే అని, ట్రాన్స్ అని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ చెప్పింది 2020లో. మధ్యలో 36 ఏళ్లు. ఒక మనిషి ఉద్యోగ జీవితం మొత్తం అందులోనే అయిపోతుంది. ఆ కాలమంతా, సొంత చట్టాలున్న కొన్ని రాష్ట్రాలు వదిలేస్తే, మిగతాచోట్ల వాళ్లకు కాస్తో కూస్తో నీడ దొరికింది కంపెనీల సొంత నియమాల వల్లే.

ఇక "టిక్కులు పెట్టడమే" అన్నదానికి ఒక ఉదాహరణ. నీలిసిరా గారు చెప్పిన ఆ అమెరికా ఇండెక్స్‌లో, అంటే ఆ మార్కుల పట్టికలో, మొదటి ఏడాది పూర్తి మార్కులు వచ్చినవి 13 కంపెనీలే. పోను పోను అందరూ నూటికి నూరు తెచ్చేసుకుంటుంటే వాళ్లు ప్రశ్నలు కఠినం చేశారు. ట్రాన్స్ ఉద్యోగుల వైద్యానికి కంపెనీ ఆరోగ్య బీమా వర్తిస్తేనే 100 ఇస్తామని 2012 నివేదికకు షరతు పెట్టారు. దాంతో ఆ ఏడాది నూరు తెచ్చుకున్నవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత మళ్లీ పెరిగింది, అదీ బీమా పాలసీలు తిరగరాయించుకున్నాకే. బీమా పాలసీ మార్చడమంటే స్లయిడ్లు తిప్పడం కాదు కదండీ, ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టాలి, ప్రీమియం కట్టాలి. అందుకే నా కొలబద్ద ఇది: ప్రశ్నకు జవాబు "అవును" అని రాయాలంటే డబ్బో, ఒకరి అధికారమో ఖర్చవాలి. అవ్వకపోతే అది ప్రశ్నే కాదు.

గట్టిమేకు
సరే, ఆ బీమా సంగతి ఒప్పుకుంటా. కానీ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు స్వచ్ఛందంగానే పోతారు, ఆ మాట కూడా చెప్పండి. 2024లో ఫోర్డ్ సహా కొన్ని పెద్ద అమెరికన్ కంపెనీలు ఆ ఇండెక్స్‌కి ఇక వివరాలు ఇవ్వమని తప్పుకున్నాయి. గాలి ఇటు వీస్తే ఇటు, అటు వీస్తే అటు. అదే చట్టమైతే కంపెనీకి నచ్చినా నచ్చకపోయినా ఉంటుంది.

ఊరికేఅడుగుతున్నా
నాదొక వేరే గొంతు, తిట్టకండి. నాకు ఎవరిమీదా ద్వేషం లేదు. ఆఫీసుకి పనికోసం వస్తాం, ఎవరు ఎవరితో ఉంటున్నారో కంపెనీకెందుకు, నాకెందుకు? అందర్నీ ఒకేలా చూడండి, అయిపోయింది. ప్రత్యేకంగా ఒక గుంపు పేరు పెట్టి కార్యక్రమాలు చేస్తే లేని గీత గీసినట్టే కదా. ఇంకోటి, ఈ శిక్షణల్లో కూర్చుని నా విశ్వాసానికి విరుద్ధమైనదానికి తలూపమంటే నేను ఊపను. అది కూడా వివక్షే.

రెండోషిఫ్ట్
ఊరికేఅడుగుతున్నా గారూ, తిట్టనండి, మీరు మర్యాదగానే అడిగారు కాబట్టి నేనూ అలాగే చెబుతా. నేను గే. "ఎవరు ఎవరితో ఉంటున్నారో కంపెనీకెందుకు" అన్నారు. కంపెనీ అడుగుతుందండీ, మొదటి రోజే అడుగుతుంది. చేరిన రోజు పోర్టల్‌లో గ్రూప్ ఇన్సూరెన్స్ పేజీ తెరిస్తే "సంబంధం" అన్న గడి ఉంటుంది. నొక్కితే కిందికి జారే జాబితాలో జీవిత భాగస్వామి, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి. చివర్లో "ఇతరులు" అని ఉంటుంది, ఆశపడి నొక్కితే ఎర్ర అక్షరాల్లో "అర్హత లేదు" అని వస్తుంది. జీవిత భాగస్వామి నొక్కుదామా అంటే వెంటనే పక్కన లింగం గడి దానంతట అదే నా దానికి వ్యతిరేకంగా నిండిపోతుంది, మార్చనివ్వదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి నామీద పగేమీ లేదు. మా ఇద్దరి సంగతి వాడికి తట్టలేదు, అంతే. హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే, చేరిన మొదటి రోజే, ముక్కూమొహం తెలియని మనిషికి నా బతుకు చెప్పుకోవాలి. నేను పెట్టలేదు. నా భాగస్వామికి ఇప్పటికీ కవరేజీ లేదు.

అందర్నీ ఒకేలా చూసే ఫారమే అది. అందరికీ అదే జాబితా.

మేనమామ
రెండోషిఫ్ట్ తమ్ముడూ, చదివి మనసు చివుక్కుమంది. చిన్న సమాచారం, నీకు పనికొస్తుందేమో. క్వీర్ (ఎల్‌జీబీటీ) వ్యక్తులు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, తమతో ఉండే భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ ఎలాంటి అడ్డూ లేదని 2024 ఆగస్టులో భారత ఆర్థిక మంత్రిత్వ శాఖ స్పష్టంగా చెప్పింది. అది బ్యాంకుల సంగతి, మీ కంపెనీ బీమాకు వర్తించదు, అయినా "బ్యాంకు రాసుకుంటోంది, మీకేం నొప్పి" అని అడగడానికి ఒక కాగితం చేతిలో ఉంటుంది.

నేను చాలాకాలం పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో చేశాను, హెచ్ఆర్ అన్న పేరు రాకముందు నుంచీ. నా అనుభవంలో సంస్థలు ద్వేషంతో చేసే అన్యాయం తక్కువ, ఫారాలతో చేసేదే ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ సంగతే చూడండి. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే దేశాలు ఇంకా 60కి పైగా ఉన్నాయి. అలాంటి దేశంలో ప్రాజెక్టు ఉంది వెళ్లమంటే ఒక గే ఉద్యోగి ఏం చేస్తాడు? "ఇంట్లో ఇబ్బందులు" అని తప్పించుకుంటాడు. అసలు కారణం చెబితే గుట్టు రట్టు. అప్రైజల్‌లో మేనేజర్ "బాధ్యత తీసుకోవడానికి వెనకాడతాడు" అని రాస్తాడు. మేనేజర్ చెడ్డవాడు కాదు, అతనికి తెలిసింది అతను రాశాడు. దీనికి శిక్షణలూ రంగుల జెండాలూ అక్కర్లేదు. విదేశీ పోస్టింగ్ కారణం చెప్పకుండా కాదనొచ్చు, అది అప్రైజల్లోకి ఎక్కకూడదు అని నియమావళిలో ఒక వాక్యం రాస్తే చాలు. చంటిపిల్లల తల్లులకూ, ముసలి అమ్మానాన్నలున్నవాళ్లకూ కూడా అదే వాక్యం కలిసొస్తుంది. ఇలాంటివి అడిగే ఇండెక్స్ అయితే చేరండి అంటాను నేను.

ఊరికేఅడుగుతున్నా
ఫారం సంగతి నిజంగా నా బుర్రకి తట్టలేదు. అది మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ నా రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. విశ్వాసం సంగతి?

జీతాలసెక్షన్
చెబుతా. మీరేం నమ్ముతారన్నది కంపెనీ పని కాదు, పక్క సీటు మనిషితో ఎలా మసలుతారన్నది మాత్రం కంపెనీ పనే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2017లో వ్యాపార సంస్థలకోసం ఎల్‌జీబీటీఐ వివక్ష మీద ప్రవర్తనా ప్రమాణాలు విడుదల చేసింది, మొత్తం ఐదు. హక్కుల్ని గౌరవించడం, వివక్ష లేకుండా చేయడం, ఉద్యోగులకు అండగా ఉండడం, తమ వ్యాపార సంబంధాల్లో సరఫరాదార్లూ పంపిణీదార్లూ హక్కులు కాలరాయకుండా చూడడం, చివరగా సమాజంలో తమ వంతు మాట్లాడడం. ఇందులో ఎక్కడా ఉద్యోగి మనసు మార్చుకోవాలని లేదు. తలూపించే శిక్షణలు నాకూ ఇష్టం లేదు, వాటివల్ల ఎవరైనా మారినట్టు నేనైతే చూడలేదు. జోకులు, కూపీలు, వెకిలి నవ్వులు వద్దనడం వేరే సంగతి. అది ఏ ఉద్యోగి విషయంలోనైనా వద్దనేదే.

చిన్నకొట్టు
అందరూ పెద్ద కంపెనీల గురించే మాట్లాడుతున్నారు. మాది పాతిక మంది కూడా లేని సంస్థ. హెచ్ఆర్ అంటే అకౌంట్స్ చూసే ఆవిడే. ఈ ఇండెక్సుల ఫారాలు నింపాలంటే ఆవిడ వారం రోజులు జీతాల పని ఆపేయాలి. మాలాంటివాళ్లం చేరకపోతే "వీళ్లు వివక్ష చూపేవాళ్లు" అని ముద్ర వేస్తారా?

మేనమామ
చిన్నకొట్టు గారూ, మీకు ఇండెక్స్ అక్కర్లేదండీ. చట్టం అడిగేది చేయండి చాలు, అదే చాలామంది చేయడంలేదు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని నియమించాలి. మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలు సమాన అవకాశాల విధానం రాసి అందరికీ తెలిసేలా పెట్టమన్నాయి. మీ ఆఫీసులో ఆ అధికారి ఎవరో గోడమీద కాగితం అంటించారా? గట్టిమేకు గారు "చట్టం చాలు" అంటున్నారు కాబట్టి ఆయన్నీ అడుగుతున్నా, మీ ఆఫీసులో ఎవరు? ఇంకో ముచ్చట, ఆ చట్టం ట్రాన్స్ వ్యక్తులకే. ప్రైవేటు ఉద్యోగంలో గే, లెస్బియన్ మనుషులపట్ల వివక్ష చూపితే ఫలానా సెక్షన్ అని చూపించడానికి ఇక్కడ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సుప్రీంకోర్టు తీర్పు వాళ్లని నేరస్థుల జాబితాలోంచి తీసేసింది, ఉద్యోగంలో రక్షణ గురించి ఎవరూ చట్టం రాయలేదు.

గట్టిమేకు
మా ఆఫీసులో ఎవరో నాకూ తెలీదు, రేపు అడుగుతా. అయినా నా మాట నిలబడుతుంది. 2011లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం ఉంది. ఒక పరిశోధకుడు ఏడు రాష్ట్రాల్లో దాదాపు 1,770 ఉద్యోగ ప్రకటనలకు జతగా రెండేసి దరఖాస్తులు పంపాడు, రెండూ సమానమే, ఒకదాంట్లో మాత్రం కాలేజీలో గే విద్యార్థి సంఘానికి కోశాధికారిగా చేశానని ఉంటుంది. ఆ లైను లేనిదానికి 11.5 శాతం పిలుపులొస్తే, ఉన్నదానికి 7.2 శాతం. కానీ అసలు విషయం ఇది: టెక్సస్, ఫ్లోరిడా, ఒహాయోలలో తేడా కొట్టొచ్చినట్టు ఉంది, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో లెక్కలోకి తీసుకునేంత లేదు. చట్టం ఉన్నచోట తక్కువ, లేనిచోట ఎక్కువ.

జీతాలసెక్షన్
ఆ రాష్ట్రాల్లో చట్టంతోపాటు జనం వైఖరి కూడా వేరు, ఏది ఎంత పనిచేసిందో విడదీయడం అంత తేలిక కాదు. కానీ మీ అధ్యయనం నాకే ఇంకోలా పనికొస్తుంది. ఆ వివక్ష జరిగింది దరఖాస్తు వడపోతలో. అక్కడ తిరస్కరించబడ్డవాడికి తాను ఎందుకు పోయాడో ఎప్పటికీ తెలీదు, కేసు ఏమని వేస్తాడు? చట్టం పనిచేయాలంటే ఫిర్యాది కావాలి. ఫిర్యాదివ్వాలంటే తానెవరో బయటపెట్టుకోవాలి. రెండోషిఫ్ట్ టికెట్ పెట్టనిది అందుకే కదా. ఎవరూ ఫిర్యాదు చేయకముందే వెళ్లి ఫారాలూ వడపోతలూ తనిఖీ చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి, దాన్ని ఇండెక్స్ అనండి, ఆడిట్ అనండి, మీ ఇష్టం.

నీలిసిరా
నాకు చాలావరకు స్పష్టత వచ్చింది. ఇంకో సందేహం. ఆ ప్రశ్నాపత్రంలో హెచ్ఆర్ జవాబులతోపాటు ఉద్యోగుల సర్వే కూడా ఉంటే మేలు కదా, గట్టిమేకు గారి "తమ పేపర్ తామే దిద్దుకోవడం" పోతుంది. కానీ సర్వేలో "మీరు ఎల్‌జీబీటీయా?" అని అడిగితే నిజం ఎవరు రాస్తారు?

రెండోషిఫ్ట్
నేను రాయను. మా దగ్గర ఒకసారి "పేరు లేని" సర్వే పెట్టారు, వయసు, డిపార్ట్‌మెంట్, ఎన్నేళ్ల సర్వీసు అన్నీ అడిగారు. మా విభాగంలో ఆ వయసు, ఆ సర్వీసు ఉన్నది నేనొక్కణ్ణే. పేరు లేకపోతేనేం. కాబట్టి మీరు పెడితే సర్వే ఆఫీసు మెయిల్ నుంచి తెరవాల్సిన అవసరం లేకుండా పెట్టండి, బయటివాళ్ల చేత చేయించండి, డిపార్ట్‌మెంట్ అడక్కండి, పదిమందికంటే తక్కువున్న గుంపు లెక్క విడిగా ఎవరికీ చూపించకండి, మీ ఎండీకి కూడా. ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టడమే వదిలేయండి అసలు. "ఇక్కడ భాగస్వామి పేరు చెప్పడానికి మీకు భయమా?" అని అందర్నీ అడగండి. దానికి జవాబు ఎవరైనా రాయగలరు.

నీలిసిరా
ఈ రెండు రోజుల్లో మా బీమా పోర్టల్ తెరిచి ఆ "సంబంధం" జాబితా చూస్తాను. ఇండెక్స్‌లో చేరాలా వద్దా అన్న మీటింగ్ వచ్చే వారం, ఆ పేజీ స్క్రీన్‌షాట్ అక్కడ పెట్టి ముందు దీని సంగతి తేల్చమంటాను.

గట్టిమేకు
పెట్టండి. ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరేమిటో కూడా అదే మీటింగులో అడగండి, మా దగ్గర నేనూ అడుగుతా.