పైకప్పులో చేరిన ఎలుకలు చేసిన నష్టానికి యజమాని బాధ్యుడేనా?

నేను అద్దెకుంటున్న ఇంట్లో ఫాల్స్ సీలింగుకూ స్లాబుకూ మధ్య ఎలుకలు చేరాయి. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య పడకగది పైన గీకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. బోనులు పెట్టాను, నీటి గొట్టం గోడలోకి వెళ్లే చోట ఉన్న 2 సెంటీమీటర్ల సందును ఉక్కు పీచుతో నింపి సిమెంటు పూశాను, ఆహారమంతా గట్టి మూతల డబ్బాల్లోకి మార్చాను. అయినా అవి పైకప్పు వైపు నుంచి వస్తూనే ఉన్నాయి, ఆ భాగాన్ని తెరిచే అనుమతి ఒప్పందం ప్రకారం నాకు లేదు.

యజమానికి ఫొటోలతో సహా లిఖితపూర్వకంగా తెలియజేసినా చర్య తీసుకోలేదు. ఆ తరువాతే పరుపు, ఫ్రిజ్ వైరు పాడయ్యాయి. కొరికిన వైరు వల్ల మంటలు రేగే ప్రమాదం ఉన్నందున, వస్తువుల ఖరీదు కన్నా అదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. నిర్మాణపరమైన మరమ్మతులు యజమానివేనని ఒప్పందంలో ఉంది గానీ, ఎలుకల నివారణ ప్రస్తావన లేదు.

ముందుగా తెలియజేసిన తరువాత జరిగిన ఈ నష్టానికి యజమాని నుంచి పరిహారం కోరే హక్కు నాకు ఉంటుందా?