డిరాక్ ద్రవానికి స్నిగ్ధతా, జిగటా?

బెంగళూరు సభ్యులందరికీ నమస్కారం. మన ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో గ్రాఫీన్ మీద జరిగిన ప్రయోగం 2025లో నేచర్ ఫిజిక్స్‌లో వచ్చింది. ఇక్కడి తెలుగు పిల్లల కోసం దాని గురించి రాస్తూ 'స్నిగ్ధత' (ద్రవం పారకుండా అడ్డుపడే గుణం, ఇంగ్లీషులో విస్కాసిటీ) దగ్గర ఆగాను. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఆ మాటే, కానీ ఇక్కడ అర్థాన్ని తలకిందులు చేస్తోందని నా బాధ.

గ్రాఫీన్ ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర. దాన్ని లోహానికీ విద్యుద్బంధకానికీ నడుమ ఒక అంచున నిలిపితే ఎలక్ట్రాన్లు ఎవరి దారిన అవి పోకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ ద్రవంలా కలిసి పారతాయి. దీన్నే డిరాక్ ద్రవం అంటున్నారు. లోహాల్లో కరెంటు బాగా పారితే వేడీ బాగా పారుతుందన్నది 1853 నాటి వీడ్‌మన్-ఫ్రాంజ్ నియమం. ఇక్కడ ఆ రెండూ విడిపోయాయి. తక్కువ ఉష్ణోగ్రతల్లో నియమానికీ కొలతకీ 200 రెట్లకు పైగా తేడా! ఆ ద్రవపు స్నిగ్ధత కూడా అత్యల్పమట.

స్నిగ్ధం అంటే నూనె రాసినట్టు నున్ననిది. 'స్నిగ్ధత తక్కువ' అని చదివిన పిల్లవాడు గరుకు అనుకోడా? 'జిగట తక్కువ' అంటే ఆముదమూ నీళ్లూ ఒంపి చూసిన ఎవరికైనా చప్పున తెలుస్తుంది. నా ఓటు జిగటకే.

జవాబు (వైట్‌ఫీల్డ్ నుంచి): ఒప్పుకోలేనండీ. జిగట అంటే అంటుకునే గుణం. పాదరసం గాజుకి అంటుకోదు, అయినా దానికి స్నిగ్ధత ఉంది. పైగా ఇంటర్‌లో 'స్నిగ్ధతా గుణకం' చదవబోయే పిల్లలకి మీరు వేరే మాట నేర్పితే అక్కడ తడబడతారు. జిగట అనగానే విరేచనాలు గుర్తొచ్చేవాళ్లూ ఉన్నారు.

నా జవాబు: పాదరసం మాట గట్టిదండీ. మీరు చెప్పాక కృష్ణబిలాల వైపు చూశాను, ఎందుకంటే ద్రవాల స్నిగ్ధతకీ ఎంట్రోపీకీ (లోపలి చిందరవందరకు కొలత) ఉన్న నిష్పత్తి ఒక హద్దుకంటే దిగదన్న ప్రతిపాదన 2005లో కృష్ణబిలాల గణితంలోంచే వచ్చింది. గ్రాఫీన్‌ని కృష్ణబిలాల ఉష్ణగతిశాస్త్రం పరీక్షించే బల్లగా వాడొచ్చని పరిశోధకులు అంటున్నదీ ఈ చుట్టరికం వల్లే. రెండు కృష్ణబిలాలు కలిశాక కొత్తది గంటలా మోగి సద్దుమణుగుతుంది. ఒక కృష్ణబిలాన్ని కదిలిస్తే అలా మోగుతుందని 1970లోనే లెక్కగట్టి చూపినవారు మన బెంగళూరులో పుట్టిన సి.వి.విశ్వేశ్వర, ఇక్కడి నెహ్రూ ప్లానెటోరియం తొలి డైరెక్టరూ ఆయనే. 2025 జనవరి 14న లైగో అనే పరికరం పట్టిన గురుత్వ తరంగంలో ఆ మోత మునుపటికంటే స్పష్టంగా వినిపించింది. కృష్ణబిలపు దిగంతానికి, అంటే దాటితే తిరిగి రాలేని సరిహద్దుకి, స్నిగ్ధత ఉన్నట్టే లెక్కలు నడుస్తాయి, కానీ అక్కడ చేతికి అంటుకునేదేమీ లేదు. కదలికను అణిచే లోపలి రాపిడి ఒక్కటే ఉంది.

జవాబు (జయనగర్ నుంచి): అయితే 'లోపలి రాపిడి' అనే రాయండి. పాదరసానికీ కృష్ణబిలానికీ గ్రాఫీన్‌కీ మూడింటికీ సరిపోతుంది.

నా జవాబు: సరిపోతుందండీ. మొదటిసారి 'లోపలి రాపిడి' అని విడమరిచి, ఆ వెంటనే పాఠాల్లో దీన్ని స్నిగ్ధత అంటారని ఒక వాక్యం రాస్తాను. ఆముదం ప్రస్తావన వచ్చినచోట మాత్రం జిగట ఉంటుంది, దాన్ని వదలను.