ఆల్ఫా 0.70 దాటకపోతే అనువాదం చెడినట్టేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
క్యాన్సర్ రోగుల జీవన నాణ్యతను కొలవడానికి యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ తయారుచేసిన క్యూఎల్‌క్యూ-సీ30 ప్రశ్నావళి అనువాదాన్ని పరీక్షిస్తున్నాం. ఇద్దరు విడివిడిగా అనువదించారు. రెండింటినీ కలిపి ఒకటి చేసి, తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి పోల్చాం. కొద్దిమంది రోగులతో చదివించి కూడా చూశాం. మిగతా స్కేళ్లు (ఒక్కో అంశాన్ని కొలిచే ప్రశ్నల గుంపులు) బాగానే ఉన్నాయి. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి గురించి అడిగే కాగ్నిటివ్ స్కేల్‌కు మాత్రం క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒక స్కేల్‌లోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.70 కంటే బాగా తక్కువ వచ్చింది. ఆ రెండు ప్రశ్నలూ తిరగరాయాలని నేనంటున్నాను, మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ఇలాంటివి పట్టుకోవడానికే కదా 0.70 అనే హద్దు పెట్టుకున్నది?

గణాంకాలు చూసేవారు:
మీ గైడ్ చెప్పిందే సరైనది. ప్రశ్నలు తగ్గేకొద్దీ ఆల్ఫా కూడా తగ్గుతుంది. ఐదు ప్రశ్నలున్న ఫిజికల్ స్కేల్‌లో ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (జవాబులు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.32 ఉంటే చాలు, ఆల్ఫా 0.70కి చేరుతుంది. రెండే ప్రశ్నలున్న చోట అదే ఆల్ఫా రావాలంటే 0.54 ఉండాలి. రెండింటికీ ఒకే హద్దు పెట్టి పాస్, ఫెయిల్ అనడం న్యాయం కాదు. పైగా ఏకాగ్రత, జ్ఞాపకం కలిసే దెబ్బతినాలని ఎక్కడా లేదు. నొప్పితో రాత్రంతా నిద్రపట్టని మనిషికి పేపర్ మీద మనసు నిలవదు, అయినా ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తడుముకోకుండా చెబుతాడు. ఈ స్కేల్ ఆల్ఫా తక్కువ రావడం వేరే భాషల అనువాదాల్లోనూ ఉన్నదే. మీ అంతట మీరు ప్రశ్నలు మార్చేస్తే మీ స్కోర్లను మరెవరి స్కోర్లతోనూ పోల్చలేం.

నాకు దిగులు ఇంకో దాని గురించి. రోగి పరిస్థితి మారితే స్కోరు కదులుతోందా? 0 నుంచి 100 దాకా ఉండే ఈ స్కేల్‌లో, రెండే ప్రశ్నలు కాబట్టి ఒక్కో మెట్టు దాదాపు 16.7 పాయింట్లు. 5 నుంచి 10 పాయింట్ల తేడానే రోగులు ‘కొంచెం మార్పు’ అంటారని 1998 నాటి ఒక అధ్యయనంలో తేలింది. అంత చిన్న మార్పు ఒక్క రోగి స్కోరులో కనిపించే వీలే లేదు, గుంపు సగటులోనే చూడాలి.

రీటెస్ట్ (అదే రోగితో మళ్లీ నింపించడం) ఎప్పుడు చేశారో కూడా చూసుకోండి. చాలా ప్రశ్నలు గడిచిన వారం గురించి అడుగుతాయి. కీమో అయిన వారంలో ఒకసారి, తేరుకున్న వారంలో ఇంకోసారి నింపిస్తే స్కోర్లు కలవవు. అందులో అనువాదం తప్పేమీ లేదు.

వార్డులో ప్రశ్నలు చదివి వినిపించేవారు:
ఆల్ఫా సంగతి మీరు తేల్చుకోండి. అసలు జవాబిస్తున్నది ఎవరో అడిగారా? మొన్న ఒక పెద్దాయనకు, జబ్బు వల్ల కుటుంబ జీవితానికి ఇబ్బంది అయిందా అనే ప్రశ్న చదివాను. ఆయన నోరు తెరిచేలోపే పక్కనున్న కూతురు “ఇబ్బందేముంది, మేమంతా ఉన్నాం కదా” అంది. ఆయన ఆమె వైపు చూసి, “అస్సలు లేదు అని రాయండి” అన్నారు. ఆమె మందులకని వెళ్లాక నన్ను పిలిచి ‘చాలా ఎక్కువ’ అని మార్పించుకున్నారు. చదవడం రానివాళ్లకు మేమే చదువుతాం, పక్కన ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. తానే నింపినవాళ్లనీ చదివించుకున్నవాళ్లనీ ఒకే లెక్కలో కలిపేస్తే మీరు పరీక్షిస్తున్నది దేన్ని?

చర్చ మొదలుపెట్టినవారు:
ఆ వివరం మా ఫారంలోనే లేదు మేడమ్, వెంటనే చేరుస్తాం. లెక్క కూడా ఒప్పుకుంటున్నాను. కానీ సార్, ఆల్ఫా తగ్గిన ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పి వదిలేస్తే, ‘ఈ అనువాదం పనికిరాదు’ అని ఎప్పుడు అంటాం?

గణాంకాలు చూసేవారు:
సరైన ప్రశ్న. ఒక ప్రశ్న తన స్కేల్‌తో కంటే పరాయి స్కేల్‌తో ఎక్కువ కలిసిపోతే అనుమానించాలి. మొత్తం మీద ఒకే స్థాయిలో ఉన్న రోగులు, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం మూలభాషలో ఒకలా, మన భాషలో ఇంకోలా జవాబిస్తుంటే అప్పుడు తిరగరాయాల్సిందే. అంతకంటే ముందు, ఆ రెండు ప్రశ్నలకూ బాగా తేడాగా జవాబిచ్చిన రోగులను మళ్లీ కలవండి. ప్రశ్న వినగానే ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించండి.

చర్చ మొదలుపెట్టినవారు:
అలాగే చేస్తాం, బంధువులను కాసేపు బయట కూర్చోబెట్టి. అప్పటిదాకా ప్రశ్నలు ముట్టుకోం. వాళ్లకు అర్థమైంది వేరే అని తేలితే మాత్రం మార్పు కోసం నేనే ఈఓఆర్‌టీసీకి రాస్తాను.