ఫోన్లో నెట్ ఉండాది, మిద్దె మీద కంప్యూటర్లో లేదు. ఫార్మాట్ కొట్టించాల్నా?

మిద్దెమీదక్క, తిరుపతి:

మాది కపిలతీర్థం పక్క సందు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉండాది, విండోస్ 10. మా అబ్బోడు బెంగళూరు పోతా పోతా నాకు వదిలిపెట్టినాడు. మొన్న రాత్రి ఉరుముల వాన పడినప్పట్నుంచి దాంట్లో నెట్ రావడంలేదు. కింద హాల్లో వైఫై డబ్బాకు పచ్చ లైట్లు బాగానే వెలుగుతా ఉండాయి, ఫోన్లో వీడియోలు ఆడతా ఉండాయి. కంప్యూటర్లో మాత్రం గడియారం పక్కన భూగోళం బొమ్మ, దానికి అడ్డగీత.

డబ్బా కింద పెట్టుకుని కంప్యూటర్ పైన ఎందుకంటారేమో. 2021 నవంబరు వానలకు కొండ మీద నుంచి దిగిన నీళ్లు మా హాల్లో మోకాటి లోతు నిలబడినాయి. సీపీయూని మంచమ్మీదికెత్తి కాపాడుకున్నాం. ఆ దెబ్బకు పైరూముకి మార్చేసినాం. కంప్యూటర్లో వైఫై లేదు కాబట్టి బయట మెట్లగోడ వెంబడి తీగ లాగించినాం.

ఇంతవరకు చేసినవి: కంప్యూటర్ నాలుగుసార్లు ఆపి వేసినాను. వైఫై డబ్బా ఆపి వేసినాను. తీగ రెండు పక్కలా పీకి పెట్టినాను. మా ఆయన సీపీయూ నెత్తిన ఒకటి చరిచినాడు, అది కూడా రాయమన్నాడు. నెట్టోళ్లకు ఫోన్ చేస్తే "మా లైను బాగుంది, మీ కంప్యూటర్ చూపించుకోండి" అన్నారు. కంప్యూటర్ అంగడాయన ఫార్మాట్ కొట్టాలంటాడు.

తొందరేమంటే, ఎల్లుండి పొద్దున పది గంటలకు మూడు నూర్ల దర్శనం టికెట్లు వదులుతారు. తిరుపతిలో కాపురమంటే చుట్టాలందరికీ మేమే కౌంటరు కదా! ఈసారి మా వదినోళ్లు ఆరుమంది. ఆరు ఆధార్ నంబర్లు ఫోన్లో కొట్టడం నా కళ్లతో అయ్యే పని కాదు.

నెట్‌పిచ్చోడు:

డీఎన్ఎస్ మార్చండి మేడమ్. 8.8.8.8 పెడితే పరిగెత్తుతుంది.

కొర్లగుంట తీగలోడు:

తమ్ముడూ, డీఎన్ఎస్ అనేది పేరు చెప్తే నంబరు వెతికిపెట్టే పుస్తకం. ఫోనుకు సిగ్నలే లేనోడికి డైరెక్టరీ ఇచ్చి ఏం లాభం?

అక్కా, ఫార్మాట్ మాట ఇప్పుడొద్దు. రెండు సంగతులు చూసి చెప్పండి. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. దాంట్లో ఐపీకాన్ఫిగ్ అని ఖాళీ లేకుండా కలిపి కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరసలో ఏ నంబరుందో రాయండి. తర్వాత సీపీయూ వెనకాల తీగ దూర్చేచోట బుల్లి లైట్లు ఎలా వెలుగుతున్నాయో చూడండి.

మిద్దెమీదక్క:

నంబరు 169.254 తో మొదలవతా ఉండాది. లైటు రొంతసేపు మిణుకుతాది, ఆరిపోతాది, మళ్లీ వస్తాది.

కొర్లగుంట తీగలోడు:

దొరికిందక్కా. కంప్యూటర్ లేచిన వెంటనే వైఫై డబ్బాను "నాకో అడ్రసియ్యి" అని అడుగుతుంది. మామూలుగా 192.168 తో మొదలయ్యేదొకటి వస్తుంది. ఎంత అడిగినా జవాబు రాకపోతే తనంతట తనే 169.254 నంబరొకటి తగిలించుకుంటుంది. టోకెన్లిచ్చే కిటికీ మూసేసుంటే, మనిషి తనే చీటీ మీద నంబరు రాసుకుని క్యూలో నిలబడినట్టు. లోపలికి ఎవరు పంపిస్తారు? మీ కంప్యూటర్ అడుగుతోంది, ఆ మాట డబ్బా దాకా పోవడంలేదు. లైటు అట్లా ఆగి ఆగి వెలుగుతోందంటే నా అనుమానం తీగ మీదే.

సీపీయూని ఒక్కసారి హాల్లోకి దించి, పొట్టి తీగతో డబ్బాకు నేరుగా కలిపి చూడండి. నంబరు మారిందా, కంప్యూటర్ మంచిదే. మారకపోతే అప్పుడు చూద్దాం. అలాగే మెట్లగోడ తీగకు మధ్యలో ఎక్కడైనా జాయింటుందా?

మిద్దెమీదక్క:

నాయనా, నువ్వు చెప్పినట్టే! కిందికి దించి పెడితే 192.168.1.5 వచ్చింది. మా ఆయన మోసినాడు, నడుం పట్టుకుని కూర్చోనుండాడు.

తీగ సంగతి విను. మెట్ల మలుపులో జాయింటు ఉండాది, నాకే తెలీదు. లాగినాయన తీగ చాలక అతికించి, నల్లటేపు చుట్టి పోయినట్టుండాడు. ఆ టేపంతా పీలికలు. కొండ నుంచి దిగే కోతులు ఆ తీగ పట్టుకునే పైకెక్కుతాయి, వడియాలు ఎండబెట్టిన నాడైతే చెప్పనక్కర్లేదు. జాయింటు ఊడదీస్తే అర చెంచా నీళ్లు నా చేతిమీద కారినాయి. లోపలుండే సన్న పళ్లు ఎనిమిదింట్లో మూడింటికి పచ్చగా చిలుం పట్టింది, పూజగదిలో తోమకుండా వదిలేసిన రాగిచెంబు మాదిరి.

కానీ కథ అయిపోలేదు. హాల్లో నంబరొచ్చినా, ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగుర్తు వేసి ఆపేస్తాది. ఇదేం గ్రహచారం?

మిట్టూరు మాష్టారు, చిత్తూరు:

అమ్మా, కింద మూల గడియారంలో తేదీ ఎంతుందో చూశారా?

మిద్దెమీదక్క:

అయ్యో! 2012 జనవరి 1.

మిట్టూరు మాష్టారు, చిత్తూరు:

అదీ సంగతి. సైటు "నేను ఫలానా" అని చూపించే సర్టిఫికెట్‌కు మొదటి తేదీ, ఆఖరి తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు, అందుకే దేన్నీ నమ్మడంలేదు.

ఉరుములకు ప్లగ్గు పీకేసుంటారు, అవునా? ప్లగ్గు ఉన్నంతకాలం లోపలి గడియారం ఆ కరెంటుతోనే నడిచిపోతుంది. పీకినాక దానికి దిక్కు మదర్‌బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీ. అది ఎప్పుడో చచ్చిపోయుంటుంది, మొన్న బయటపడింది. ముందు తేదీ, టైము మీరే చేత్తో సరిచేయండి. విండోస్ తనే నెట్‌లోంచి సరిచేసుకుంటుందని కూర్చోవద్దు, తేడా 15 గంటలు దాటితే మామూలుగా అది ఒప్పుకోదు. తర్వాత సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల తెచ్చి మార్చండి. వాచీల అంగట్లో కూడా దొరుకుతుంది.

కొర్లగుంట తీగలోడు:

మాష్టారు చెప్పింది నాకు తట్టనే లేదు. తీగ పాడవకుండా ఉండుంటే తేదీ సంగతి ముందే కనిపించేది. అడ్రసే లేకపోయాక సైటు దాకా పోయేదెక్కడ!

కొత్త తీగ కొనేటప్పుడు బయట వాడే నల్లతొడుగు క్యాట్ 6 అడగండి. లోపల అచ్చమైన రాగి ఉండాలి, రాగి పూతేసిన అల్యూమినియం అంటగడతారు, జాగ్రత్త. 100 మీటర్ల దాకా ఒకే ముక్క లాగొచ్చు కాబట్టి మీ మెట్లకు జాయింటు అవసరమే లేదు. పీవీసీ పైపులో దూర్చండి. ఇంకోటి, ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు ఈ తీగ కూడా పీకాలి. బయట తిరిగే రాగితీగ కదా, అటునుంచి కూడా దెబ్బ తగలొచ్చు.

మిద్దెమీదక్క:

తేదీ మార్చినాను, సైట్లన్నీ తెరుచుకున్నాయి. పొద్దున హాల్లో కిందనే కూర్చోని ఆరుమందికీ టికెట్లు తీసినాను, వదిన ఇంగా ఫోన్ పెట్టలేదు. నల్లతీగ పైపులో దూర్చి పైకి లాగించినాం. కోతులిప్పుడు పైపు పట్టుకుని ఎక్కుతా ఉండాయి.

బిళ్ల తెచ్చినాను మాష్టారూ. ప్లగ్గు పీకి సీపీయూ తెరిచినాను కూడా. ఏ పక్క పైకి పెట్టాల?

మిట్టూరు మాష్టారు, చిత్తూరు:

ప్లస్ గుర్తు మీకు కనపడాలమ్మా. పెట్టినాక ఇంకోసారి తేదీ సరిచేయండి.