2022 జులై వరదలో మా చేను మునిగిందని ఉపగ్రహ చిత్రంలో చూపించొచ్చా?

ప్రాణహిత ఒడ్డు:
మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. నది ఒడ్డున రెండెకరాల పత్తి చేను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది చూడండి, ఆ వరదే, మా దగ్గర ప్రాణహిత కూడా ఎగదన్ని చేల మీదికొచ్చింది. పత్తి అప్పటికి జానెడు కూడా లేదు. నీళ్లు తీశాక పోయి చూస్తే ఒక్క సాలు కనబడలేదు, చెప్పు దిగబడేంత ఒండ్రు. పంచనామాకు వచ్చినవాళ్లు రోడ్డు మీదే నిలబడి చూసి సగమే నష్టమని రాసుకుపోయారు. నాన్న ఆ కాగితాన్ని సాత్‌బారాతో (మా భూమి రికార్డు కాగితం) కలిపి ఇప్పటికీ పెట్టెలో దాచాడు. ఆ రోజుల ఉపగ్రహ ఫొటోలు తెరిస్తే అంతా మబ్బే. ఇంకేదైనా దారి ఉందా?

మ్యాపుల పనివాడు:
ఉంది తమ్మీ. నువ్వు చూసింది యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలు అయ్యుంటాయి, అది కెమెరా, వానాకాలంలో దాంతో కష్టం. సెంటినెల్-1 చూడు. అది రాడార్, తనే తరంగాలు పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది, మబ్బైనా రాత్రైనా ఒకటే. నిలకడ నీళ్ల మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి పోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు, అందుకే నీళ్లు నల్లగా కనిపిస్తాయి. ఈ చిత్రాలు చూసే వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్, అందులో ఖాతా ఉచితమే. వీవీ (నిలువు తరంగం పంపి నిలువుదే కొలిచే రకం) పెట్టి, జూన్‌ది ఒకటి, వరదప్పటిది ఒకటి పక్కపక్కన చూడు. రెండూ ఉపగ్రహం ఒకే దారిలో పోతూ తీసినవై ఉండాలి. చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు, అంటే ఎకరానికి సుమారు 40 గడులు.

కాళేశ్వరం అక్క:
నల్లగా ఉన్నదల్లా వరద అనుకోకు నాయనా. జులైలో నాట్లకు నీళ్లు పెట్టిన వరి మడి కూడా అలాగే నల్లగా ఉంటుంది, ఎండిన ఇసుక దిబ్బ కూడా అంతే. నీది పత్తి కాబట్టి నీకు మేలు. చుట్టుపక్కల మడులు చూసి మోసపోకుండా, నది నుంచి నీ చేను దాకా నలుపు తెగకుండా వచ్చిందా అన్నది చూడు. ఇంకోటి, సెంటినెల్-1 అంటే అప్పట్లో రెండు ఉపగ్రహాలు, 2021 డిసెంబర్‌లో అందులో 1బీ పాడయ్యాక 2022లో మిగిలింది ఒక్కటే, అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. నీళ్లు బాగా ఎక్కిన రోజు అది మీ మీదుగా పోకపోతే ఆ మునక అందులో ఉండదు. నల్లగా లేదంటే మునగలేదని కాదు, ఇది గట్టిగా చెప్పు వాళ్లకు. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం) వాళ్ల భువన్ వెబ్‌సైటులో వరద మ్యాపులుంటాయి, అవి కూడా తీసి పెట్టుకో.

పాత సర్వేయర్:
చిత్రం ఒక్కటే తీసుకుపోతే ఏదో ఒక వంక పెడతారు. మోటారు షెడ్డు గోడ మీద వరద గీత ఉందా? ఉంటే టేపు పక్కన పెట్టి ఫొటో తియ్యి. మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల పైపు తెచ్చి, ఆ గీత నుంచి చేను గట్టుకు మట్టం పట్టు, గట్టు గీతకు ఎంత కిందుందో తేలుతుంది. ఆన్‌లైన్ ఎత్తుల మ్యాపులు నమ్మొద్దు, మన చదును నేలల్లో మీటర్ల తేడా వస్తుంది.

ప్రాణహిత ఒడ్డు:
ఇప్పుడే చూశా. జూన్‌లో బూడిద రంగు, జులైలో నది నుంచి గట్టు దాటి చేనులోకి తెగకుండా నలుపే, చేను అవతలి మూల మాత్రం కొంచెం తేలింది. అప్పటికి నీళ్లు తీస్తున్నాయి. షెడ్డు గోడ మీద గీత ఇంకా ఉంది, సున్నం వెయ్యలేదు. రేపు పైపు తెచ్చి నాన్నతో కలిసి మట్టం పడతా.