మేడ మీద వైఫై సిగ్నల్ ఫుల్, స్పీడ్ మాత్రం లేదు. ఇంకో మెష్ యూనిట్ కొనాలా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది డూప్లెక్స్ ఇల్లు, 200 ఎంబీపీఎస్ ప్లాన్. కింద హాల్లో టీవీ పక్కన మెయిన్ రౌటర్, మేడ మీద బెడ్‌రూమ్‌లో మెష్ రెండో యూనిట్ (రౌటర్ నుంచి వైఫై అందుకుని ముందుకి పంపే డబ్బా) ఉన్నాయి. రెండూ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో పనిచేసే డ్యూయల్ బ్యాండ్‌వే. కింద 190 దాకా వస్తోంది. పైన ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, టెస్ట్ చేస్తే 35. ఆఫీసు మీటింగ్‌లో నా గొంతు ముక్కలుముక్కలుగా వస్తోందంటున్నారు. మూడో యూనిట్ తెచ్చి పెట్టనా?

జవాబు:
అప్పుడే కొనకండి. ఆ గీతలు మీ ఫోనుకీ, పక్కనున్న యూనిట్‌కీ మధ్య సంగతే చెబుతాయి. ఆ యూనిట్ కింది రౌటర్ నుంచి డేటా ఎలా తెచ్చుకుంటోందో వాటికి తెలియదు. ఆ దారినే బ్యాక్‌హాల్ అంటారు. పై ట్యాంకుకి అరంగుళం పైపుతో నీళ్లెక్కిస్తూ బాత్రూంలో పెద్ద షవర్ బిగిస్తే ఏమవుతుంది? అదే ఇది.

పైగా డ్యూయల్ బ్యాండ్ యూనిట్‌లో 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. కింది నుంచి తెచ్చుకునేదీ అదే, మీ ఫోనుకి ఇచ్చేదీ అదే. రెండూ ఒకేసారి కుదరవు, వంతులవారీగా చేయాలి. అందుకే మధ్యలో అడ్డేమీ లేకపోయినా స్పీడ్ దాదాపు సగానికి పడుతుంది. మూడోదాన్ని దీని వెనకాల తగిలిస్తే అందులో మళ్లీ సగం.

ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో పై యూనిట్‌కి కలిపి టెస్ట్ చేయండి. అప్పుడు గాల్లో నడిచేది బ్యాక్‌హాల్ ఒక్కటే. అప్పటికీ తక్కువే వస్తే దొంగ దొరికినట్టే.

అడిగినవారు:
వైరుతో 41 వచ్చిందండీ. యూనిట్ బీరువా మీద ఉంది, ఎత్తుగా ఉంటే మంచిదని.

జవాబు:
ఇనప బీరువా మీదా! కింద స్లాబులో కమ్ములు, పైన ఈ రేకు. 5 గిగాహెర్ట్జ్‌కి ఇంతకంటే ఏం అడ్డు కావాలి? సిగ్నల్ లేని గదిలో యూనిట్ పెట్టడం అందరూ చేసే పొరపాటే. సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే మెట్ల మలుపు దగ్గర పెట్టి చూడండి.

ఇంకొకరు:
ట్రైబ్యాండ్ తీసుకుంటే బ్యాక్‌హాల్‌కి ఇంకో రేడియో ఉంటుంది కదన్నా?

జవాబు:
ఉంటుంది తమ్ముడూ, వంతుల గొడవ తీరుతుంది. స్లాబు మాత్రం అక్కడే ఉంటుందిగా. నన్నడిగితే ఆ డబ్బులో కొంచెం పెట్టి కింది రౌటర్ నుంచి పై యూనిట్ దాకా క్యాట్ 6 రకం లాన్ వైరు లాగించుకోవడం మేలు. ప్యూర్ కాపర్‌దే అడగండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయనివ్వకండి.

అడిగినవారు:
అప్‌డేట్. మెట్ల మలుపులో పెడితే 85 వచ్చింది. నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చి, పాత కేబుల్ టీవీ వైరు చివరికి కొత్త వైరు టేపుతో చుట్టి, అదే పైపులోంచి లాగేశాడు. పది నిమిషాల పని! యూనిట్ మళ్లీ బెడ్‌రూమ్‌లోకి వచ్చింది, ఈసారి టేబుల్ మీదికి. కానీ స్పీడ్ సరిగ్గా 94 దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

జవాబు:
94 అంటే లింకు 100 ఎంబీపీఎస్‌కే కలిసిందన్నమాట. యూనిట్ పోర్టు గిగాబిటేనా, అంటే 1000 ఎంబీపీఎస్‌దేనా చూడండి, చవక వాటిలో 100వే ఉంటాయి. గిగాబిటే అయితే క్రింపింగ్, అంటే వైరు చివర కనెక్టర్ బిగించిన తీరు చూడాలి. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ తగలాలి.

అడిగినవారు:
అదేనండీ! పై కనెక్టర్‌లో గోధుమరంగు తీగ ఒకటి చివరిదాకా వెళ్లలేదు. కత్తిరించి కొత్త కనెక్టర్ కొట్టించాను. ఇప్పుడు మేడ మీద 188. మీటింగ్‌లో నా గొంతు స్పష్టంగా వినిపిస్తోందట, కింద వంటింట్లో కుక్కర్ విజిల్‌తో సహా.