బీమ్‌లైన్ సైంటిస్ట్ ఉద్యోగం: పరిశోధనా, పరిశోధకులకు సేవా?

మొదటిఅడుగు
అందరికీ నమస్కారం. మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేశాను, వైవా ఒక్కటే మిగిలింది. చేతిలో రెండు అవకాశాలున్నాయి. ఒకటి యూనివర్సిటీ గ్రూప్‌లో పోస్ట్‌డాక్, బ్యాటరీ కాథోడ్ల మీద. రెండోది ఒక సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను పెద్ద రింగులో తిప్పి బలమైన ఎక్స్-రేలు పుట్టించే యంత్రం), ఎక్స్-రే అబ్సార్ప్షన్ బీమ్‌లైన్ మీద, అంటే ఆ ఎక్స్-రేలను శాంపిల్ ఎంత పీల్చుకుంటుందో కొలిచే ప్రయోగ కేంద్రంలో, మూడేళ్ల కాంట్రాక్టు. సగం సమయం యూజర్లకు (ప్రయోగాలకు బయటినుంచి వచ్చే పరిశోధకులకు), సగం సొంత పరిశోధనకు అని ప్రకటనలో ఉంది. మా గైడ్ మాత్రం "అటు వెళ్తే మళ్లీ ఇటు రాలేవు" అంటున్నారు. నిజమేనా? అక్కడ పనిచేసినవాళ్లు చెబితే బాగుంటుంది.

పాతకాపు
మీ గైడ్ సరిగ్గానే చెప్పారు. నేను చాలాకాలంగా యూజర్‌ని. బీమ్‌లైన్ సైంటిస్ట్‌ది మంచి ఉద్యోగమే, కాదనను. కానీ అది పరిశోధన కాదు, పరిశోధన చేసేవాళ్లకు సాయం. ప్రపోజల్ రాసేది యూజర్, శాంపిల్ తెచ్చేది యూజర్, పేపర్ రాసేది యూజర్. మధ్యలో మీరు మోనోక్రోమేటర్ (కావాల్సిన ఎనర్జీ ఎక్స్-రేలనే ఏరే పరికరం) సరిచేసి, హచ్ (శాంపిల్ పెట్టే రక్షణ గది) తలుపు ఎలా వేయాలో నేర్పి, వారం తిరక్కుండా వచ్చే ఇంకో టీమ్‌కి మళ్లీ అదే చేస్తారు. 2009లో కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద పనికి నోబెల్ వచ్చింది. రామకృష్ణన్, స్టైట్జ్, యోనత్, ముగ్గురూ సింక్రోట్రాన్ డేటాతోనే నిర్మాణాలు తేల్చారు. ఆ బీమ్‌లైన్లు నడిపినవాళ్లలో ఒక్కరి పేరు ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

రాత్రిషిఫ్ట్
పాతకాపు గారూ, పేరు మనకు తెలియకపోతే వాళ్లు పరిశోధన చేయనట్టా? ఇదేం లెక్కండీ?

నేను ఒక అబ్సార్ప్షన్ బీమ్‌లైన్‌లో పనిచేశాను. ఏ ల్యాబో చెప్పను. ఒకసారి మాంగనీస్ కాంప్లెక్స్‌తో ఒక టీమ్ వచ్చింది. మాంగనీస్ ఎడ్జ్, అంటే అది ఎక్స్-రేలను ఒక్కసారిగా ఎక్కువగా పీల్చడం మొదలుపెట్టే ఎనర్జీ, 6539 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర ఉంటుంది. స్కాన్ స్కాన్‌కీ ఆ ఎడ్జ్ తక్కువ ఎనర్జీ వైపు జరుగుతోంది. అంటే మాంగనీస్ రెడ్యూస్ అవుతోంది, ఎలక్ట్రాన్లు పొందుతోంది. తాము అనుకున్న రియాక్షనే జరుగుతోందని వాళ్లు తెగ సంబరపడుతున్నారు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. షటర్ మూసి, శాంపిల్‌ని కాస్త పక్కకు జరిపి, కొత్త చోట కొట్టించాను. ఎడ్జ్ మళ్లీ మొదటి చోటికే వచ్చింది. అటెన్యుయేటర్ పెట్టి బీమ్ తగ్గిస్తే జరగడమూ నెమ్మదించింది. రియాక్షన్ కాదు, పాడూ కాదు. మా ఎక్స్-రేలే శాంపిల్‌ని రెడ్యూస్ చేస్తున్నాయి. ఆ రాత్రికి రాత్రే ప్లాన్ మార్చి, శాంపిల్‌ని బాగా చల్లగా ఉంచే క్రయోస్టాట్ బిగించి, ప్రతి స్కాన్‌కీ కొత్త చోటు వాడేలా స్క్రిప్ట్ రాసిచ్చాను.

పేపర్ వచ్చింది. రేడియేషన్ డ్యామేజ్‌ని ఎలా గుర్తించారో అందులో పేరా నిండా ఉంది. నా పేరు ఎక్కడుందంటే చివర, కృతజ్ఞతల్లో, లిక్విడ్ నైట్రోజన్ అందించిన టెక్నీషియన్ పక్కన.

పాతకాపు
అది మీ ఉద్యోగం కాదా? అందుకేగా జీతం. కృతజ్ఞతలు చెప్పారు కదా, ఇంకేం కావాలి?

రాత్రిషిఫ్ట్
ప్రొఫెసర్‌కి మాత్రం జీతం రాదా? జీతం తీసుకున్నవాళ్లకి పేరు అక్కర్లేదంటే పేపర్ల మీద ఒక్క పేరూ మిగలదు.

ఆవేశం_తక్కువ
ఆవిడ పాయింట్‌లో న్యాయం ఉంది. డేటాకి అర్థం చెప్పడంలో పాలున్న మనిషి రచయితే. పరికరం ఆన్ చేసినంతమాత్రాన కాదు. ఆవిడ చేసింది మొదటిది.

వాక్యూమ్‌పంప్
మీ ఇద్దరి గొడవలో పడి ఆ అబ్బాయి అడిగింది గాలికి వదిలేశారు. పైగా సింక్రోట్రాన్ అంటే బీమ్‌లైన్ సైంటిస్టులు మాత్రమే అన్నట్టు మాట్లాడుతున్నారు. అక్కడ మాగ్నెట్లు, ఆర్ఎఫ్ (ఎలక్ట్రాన్లకు శక్తినిచ్చే రేడియో తరంగాల వ్యవస్థ), వాక్యూమ్, కంట్రోల్స్, డిటెక్టర్లు, సాఫ్ట్‌వేర్, రేడియేషన్ సేఫ్టీ, ఇన్ని విభాగాలున్నాయి. ఫ్రాన్స్‌లో గ్రనోబుల్‌లోని ఈఎస్ఆర్ఎఫ్ సింక్రోట్రాన్ రింగ్ చుట్టుకొలత 844 మీటర్లు, జపాన్ స్ప్రింగ్-8ది 1436 మీటర్లు. అంత పొడవునా అల్ట్రా హై వాక్యూమ్ నిలబెట్టడానికి ఎంతమంది కావాలో ఊహించుకోండి.

నేను కంట్రోల్స్ వైపు. మేం వాడే ఎపిక్స్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అమెరికాలోని అర్గాన్, లాస్ అలమోస్ ల్యాబుల్లో పుట్టింది. అదే వస్తే గురుత్వ తరంగాలు పట్టే లైగోలో పనికొస్తుంది, ఈటర్ ఫ్యూజన్ ప్రాజెక్టులో పనికొస్తుంది. అలాంటిదే ఇంకొకటి, టాంగో వచ్చినా యూరప్‌లో చాలా రింగులు పిలుస్తాయి. మాకు కృతజ్ఞతల్లో కూడా పేరుండదు. అయినా హాయిగానే నిద్రపోతున్నాం.

ఇక తమ్ముడూ, నీకు అసలు ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. నువ్వు వెళ్లే మెషీన్ అప్‌గ్రేడ్‌కి ఎప్పుడు ఆగుతుందో చూసుకో. స్వీడన్‌లోని మ్యాక్స్-4 2016లో మల్టీబెండ్ అక్రోమాట్ రింగ్‌తో (ఎక్కువ మాగ్నెట్లతో కొంచెం కొంచెంగా వంచి బీమ్‌ని సన్నగా చేసే డిజైన్) మొదలయ్యాక మిగతా పెద్దవి చాలా ఆ దారే పట్టాయి. ఈఎస్ఆర్ఎఫ్ 2018 డిసెంబరులో ఆగితే యూజర్లకు మళ్లీ బీమ్ 2020 ఆగస్టులోనే వచ్చింది. అర్గాన్‌లోని ఏపీఎస్ సింక్రోట్రాన్ 2023 ఏప్రిల్‌లో ఆగి, 2024లో కొత్త రింగ్‌తో తిరిగి వెలిగింది. మూడేళ్ల కాంట్రాక్టులో ఏడాదికి పైగా బీమ్ లేకపోతే నీ పేపర్లు ఎక్కడినుంచి వస్తాయి? మెషీన్ పని నేర్చుకునేవాళ్లకైతే అంతకన్నా మంచి సమయం దొరకదు, అది వేరే సంగతి.

మొదటిఅడుగు
వాక్యూమ్‌పంప్ అన్నా, ఇది నాకు తట్టనే లేదు. థాంక్స్.

క్రిస్టల్ రాదు
ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే క్రయో-ఈఎం వచ్చేసింది. ఇంకా ఎక్స్-రేలు ఎవరిక్కావాలండీ?

ఆవేశం_తక్కువ
ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నదే ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. అందులో సింహభాగం ఎక్స్-రే నిర్మాణాలే. ఫలానా మందు ముక్క ప్రోటీన్‌లో ఎక్కడ అతుక్కుంటుందో వందలకొద్దీ క్రిస్టల్స్ మీద వరసపెట్టి చూడాలంటే ఇప్పటికీ సింక్రోట్రానే దిక్కు. మారిందేమిటంటే, క్రిస్టల్ ఎక్కించే పని రోబో చేస్తోంది, యూజర్ ఇంట్లో కూర్చుని మౌస్ కదుపుతున్నాడు. అయినా మొదటిఅడుగు అడిగింది అబ్సార్ప్షన్ గురించి, ప్రోటీన్ల గురించి కాదు.

పాతకాపు
ఆథర్‌షిప్ గురించి నేనడిగిందానికి ఇంకా జవాబు రాలేదు. ఒక బీమ్‌లైన్ మీద ఏడాదికి ఎన్నో టీమ్‌లు వస్తాయి. అందరి పేపర్లలోనూ పేరు పెట్టుకుంటూ పోతే ఆ మనిషి సీవీ చూసి ఏం తెలుసుకోవాలి? ఒకచోట సిమెంటు, ఒకచోట బ్యాటరీ, ఇంకోచోట మొక్క వేరు. ఇదా పరిశోధనా దిశ?

రాత్రిషిఫ్ట్
అన్నిట్లో పెట్టమని ఎవరన్నారు? నేను చెప్పిన ఆ ఒక్క దాని సంగతి చెప్పండి. ఎడ్జ్ ఎందుకు జరుగుతోందో తేల్చింది ఎవరు?

పాతకాపు
తేల్చకపోతే తప్పు మీది అయ్యేది. మీ పరికరం వల్ల వచ్చిన దోషాన్ని మీరు పట్టుకోవడం ఘనతెలా అవుతుంది?

రాత్రిషిఫ్ట్
ఇదన్నమాట మీ న్యాయం. పట్టుకుంటే డ్యూటీ, పట్టుకోకపోతే నేరం. మీలాంటి యూజర్లను రాత్రుళ్లు భరించే మాకు చేతులెత్తి మొక్కాలి.

పాతకాపు
భరించారా! మా స్టూడెంట్ ఒకబ్బాయి తనకు బీమ్ కేటాయించిన రోజుల్లో, అంటే బీమ్‌టైమ్‌కి, ఒంటరిగా వెళ్లాడు. అర్ధరాత్రి దాటాక డిటెక్టర్ హ్యాంగ్ అయింది. లోకల్ కాంటాక్ట్‌కి, అంటే ఆ ప్రయోగానికి తోడుండే బీమ్‌లైన్ సైంటిస్ట్‌కి, ఫోన్ చేస్తే ఎత్తలేదు. తెల్లారేదాకా వాడు ఆ కంట్రోల్ క్యాబిన్‌లో తెర చూస్తూ కూర్చున్నాడు. మిగిలిన షిఫ్టులు అంతంతమాత్రం. ప్రపోజల్ కాల్ ఏడాదికి రెండుసార్లే. మళ్లీ దరఖాస్తు పెడితే రాలేదు. థీసిస్‌లో ఒక చాప్టర్ ఎగిరిపోయింది. ఆ లోకల్ కాంటాక్ట్ పేరు నా పేపర్ మీద వేయాలా?

వాక్యూమ్‌పంప్
ఇదా సార్ అసలు సంగతి. పొద్దున్నుంచీ సిద్ధాంతం చెబుతున్నారనుకున్నాం.

రాత్రిషిఫ్ట్
ఆ అబ్బాయికి జరిగింది అన్యాయమే. కానీ చాలాచోట్ల లోకల్ కాంటాక్ట్‌కి ఫలానా టైమ్ దాకానే ఆన్-కాల్. ఆ తర్వాత కంట్రోల్ రూమ్‌కో, హాల్లో డ్యూటీలో ఉన్నవాళ్లకో చెప్పాలి. ఆ నంబర్ వాడికి ఎవరైనా ఇచ్చారా? అనుభవం లేని స్టూడెంట్‌ని ఒంటరిగా రాత్రి షిఫ్ట్‌కి పంపింది ఎవరు? ఇరవై నాలుగు గంటలూ బీమ్ ఉంటుంది, ఇరవై నాలుగు గంటలూ మేం ఉండలేం. బీమ్‌లైన్‌కి మనుషులు ఇద్దరో ముగ్గురో.

సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు ఎప్పుడైనా బీమ్‌లైన్ రివ్యూ ప్యానెల్‌లో కూర్చున్నారా?

పాతకాపు
కూర్చున్నాను. అయితే?

రాత్రిషిఫ్ట్
అక్కడ ఏం చూస్తారు?

పాతకాపు
ప్రపోజల్స్‌కి ఎంత పోటీ ఉంది, ఎన్ని పేపర్లు వచ్చాయి, ఏ జర్నల్స్‌లో వచ్చాయి, సొంత పరిశోధన ఎలా ఉంది.

రాత్రిషిఫ్ట్
మీ పేపర్లు మా బీమ్‌లైన్ ఖాతాలో లెక్కకొస్తాయి, మా ఖాతాలో రావు. తర్వాత "సొంత పరిశోధన బలహీనంగా ఉంది" అని మా మీదే రాస్తారు. నా కాంట్రాక్ట్ పొడిగించనప్పుడు కాగితం మీద సరిగ్గా ఆ వాక్యమే ఉంది. సగం సమయం పరిశోధనకని రాశారు. కొత్త ఆప్టిక్స్ కమిషనింగ్, బీమ్ పడిపోయిన రోజుల సర్దుబాటు, యూజర్ల డేటా మళ్లీ తీసిపంపడం, అన్నీ ఆ సగంలోంచే కోశారు. పేరు మీద నాకంత పట్టింపు ఎందుకంటారు? నా దగ్గర చూపించుకోవడానికి అదొక్కటే ఉంది కాబట్టి.

పాతకాపు
ఇది ముందే చెప్పాల్సింది. రివ్యూలో ఆ లెక్క తప్పయితే రివ్యూని తిట్టండి, ఒప్పుకుంటాను. నా బాధ అది కాదు. నా దగ్గర చదివినవాళ్లలో అందరికన్నా చురుకైన అమ్మాయి బీమ్‌లైన్‌కి వెళ్లింది. పర్మనెంట్ అయింది, బాగానే ఉంది. కానీ నా ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఆ అమ్మాయి అడిగే ప్రశ్నలకు నాకు చెమటలు పట్టేవి. ఇప్పుడు ఎవరెవరి ప్రశ్నలకో జవాబులు సరిచూస్తోంది. ఏం కొలవాలో నిర్ణయించే హక్కు పోయాక సైంటిస్ట్‌కి ఏం మిగులుతుంది? ఈ అబ్బాయిని వద్దంటున్నది అందుకే.

రాత్రిషిఫ్ట్
ఆ అమ్మాయిని అడిగారా, ఏం మిగిలిందో? ఏం కొలవాలన్నది మీరు నిర్ణయిస్తే, కొలవడం సాధ్యమో కాదో, వచ్చింది నిజమో కాదో మేం నిర్ణయిస్తాం. రెండోది చిన్నదని మీరంటున్నారు. నేను ఒప్పుకోను, చచ్చినా ఒప్పుకోను. జర్మనీలోని ఎక్స్-రే లేజర్ యూరోపియన్ ఎక్స్‌ఫెల్ సెకనుకి 27,000 పల్సుల దాకా ఇస్తుంది. ఆ డేటాలో ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది యూజర్ ఇంటి దగ్గర కూర్చుని తేల్చే విషయమా?

పాతకాపు
అడగలేదు. అడిగినా మర్యాదకి బాగుందనే అంటుంది.

క్రిస్టల్ రాదు
మరి చిన్న రింగులు? జోర్డాన్‌లోని సెసమీ 2017లో మొదలైంది. అలాంటిచోట అన్నీ మొదటినుంచీ కట్టుకోవచ్చు కదా, సొంత ప్రశ్నలకి చోటు ఉండదా?

వాక్యూమ్‌పంప్
ఉంటుంది. పంప్ చెడితే బాగుచేసే చోటూ నీదే ఉంటుంది.

మొదటిఅడుగు
ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. అప్‌గ్రేడ్ గురించి, సొంత బీమ్‌టైమ్ గురించి వాళ్లకి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చింది. కాంట్రాక్టు కాలంలో పెద్ద షట్‌డౌన్ లేదట. సొంత పరిశోధనని "ఆపరేషన్ అవసరాలకు లోబడి ప్రోత్సహిస్తాం" అన్నారు. ఎన్ని షిఫ్టులో రాయలేదు.

రాత్రిషిఫ్ట్
ఆ వాక్యం నా కాంట్రాక్టులోనూ ఉంది. అంకె అడుగు తమ్ముడూ, నోటిమాట కాదు, మెయిల్‌లో. నీకన్నా ముందు ఆ పోస్టులో ఉన్న మనిషి ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని, వాళ్లతో మాట్లాడు. ఆ బీమ్‌లైన్ పేపర్లు గత రెండేళ్లవి తీసి, స్టాఫ్ మొదటి రచయితగా ఎన్ని ఉన్నాయో చూడు. ఒక్కటీ లేకపోతే ప్రకటనలో సగం అన్నది మర్చిపో.

పాతకాపు
ఆ పేపర్లు చూడమన్నది మంచి సలహా. చూసి నాకూ చెప్పండి. ఆథర్‌షిప్ మీద మాత్రం నా మాట నాదే.